గౌరవిస్తే స్త్రీ ఎందుకు మాయమవ్వాలి? – అమ్హారిక్ సర్వనామాలతో కొంత సంభాషణ

నా సిద్ధాంత గ్రంథంలో అసలు తప్పుని పట్టుకున్నది మా గైడూ కాదు, వైవాకి వచ్చిన పరీక్షకులూ కాదు. అప్పుడప్పుడే తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతున్న ఒక ఇథియోపియా అమ్మాయి. విశాఖపట్నంలో పరిశోధక విద్యార్థినుల హాస్టల్లో మా పక్క గదిలో ఉండేది. పై చదువులకి ఇథియోపియా నుంచి విశాఖ వచ్చేవాళ్ళు చాలామందే ఉంటారు. తను వచ్చింది బహిర్ దార్ నుంచి. ఇంట్లో మాట్లాడే భాష అమ్హారిక్. ఇక్కడి చదువంతా ఇంగ్లీషులోనే అయినా, ఆటోవాళ్ళతో, మెస్సులో వాళ్ళతో మాట్లాడటానికి తెలుగు నేర్చుకోవాలని పట్టుదల. చదవటం అలవాటు కావటానికి, నేను దిద్ది పక్కన పడేసిన థీసిస్ కాయితాలు పట్టుకెళ్ళేది. అర్థం కోసం కాదు, అక్షరాల కోసం.

ఒకరోజు రెండు కాయితాలు తెచ్చి నా ముందు పెట్టి, "అక్కా, వీళ్ళిద్దరిలో ఈయన పెద్దవాడా?" అని అడిగింది. మొదటి కాయితంలో ఒక విమర్శకుడు 'అన్నారు'. రెండో దాంట్లో ఒక రచయిత్రి 'అంది'. నిజానికి ఆ రచయిత్రి ఆ విమర్శకుడికంటే వయసులో చాలా పెద్ద. ఆవిడ రచనల మీదే నా పరిశోధన. ఆవిడ పుస్తకాలు చదివి నేను మనిషినయ్యానని ముందుమాటలో రాసుకున్నాను కూడా. కానీ వాక్యం చివరికొచ్చేసరికి ఆయనకి 'అన్నారు', ఆవిడకి 'అంది'. ఇది ఎక్కడో ఒకచోట దొర్లిన పొరపాటేమోనని మొదటి అధ్యాయం నుంచి లెక్కపెట్టటం మొదలుపెట్టాను. మూడో అధ్యాయం దగ్గర ఇక లెక్కపెట్టలేక ఆపేశాను. స్త్రీవాద దృక్పథంతో రాశానని చెప్పుకున్న థీసిస్ నిండా పురుషులు 'పేర్కొన్నారు', 'అభిప్రాయపడ్డారు'. స్త్రీలు 'రాసింది', 'చెప్పింది'.

సిగ్గుతో పాటు నాకు ఆశ్చర్యం కూడా వేసింది. ఇన్నేళ్ళుగా నాకు కనిపించనిది, మా హాస్టల్లో ఇంకెవ్వరికీ కనిపించనిది తనకెలా కనిపించింది? తనది చాలా మామూలు సందేహం. తన భాషలో క్రియ చివర అలా మారితే అది పెద్దరికానికి గుర్తు. కాబట్టి 'అన్నారు' అన్నవాడు పెద్దవాడై ఉండాలి, 'అంది' అన్న మనిషి చిన్నపిల్లో, ఇంట్లో మనిషో అయి ఉండాలి. తన తర్కంలో తప్పేమీ లేదు. తప్పు నా వాక్యాల్లోనే ఉంది. ఆ సాయంత్రం నుంచి నేను తనకి తెలుగు, తను నాకు అమ్హారిక్ చెప్పుకోవటం మొదలైంది. నేనేమీ ఆ భాషలో పండితురాలిని కాలేదు. సర్వనామాల దగ్గరే ఆగిపోయాను. ఎందుకు ఆగిపోయానో చెప్పాలనే ఈ వ్యాసం.

అమ్హారిక్ అరబిక్, హీబ్రూల కుటుంబానికి చెందిన సెమిటిక్ భాష. అందులో 'నేను' అంటే 'ఇనే'. మాట్లాడేది ఆడో మగో ఆ మాట చెప్పదు, దాని క్రియా చెప్పదు. మన దగ్గరా అంతే. తేడా 'నువ్వు' దగ్గర మొదలవుతుంది. ఎదుట ఉన్నది మగవాడైతే 'ఆంతె', ఆడమనిషైతే 'ఆంచి'. గౌరవించాల్సిన మనిషైతే ఆడామగా ఇద్దరికీ ఒకటే, 'ఇర్సొ'. పదిమంది ఉంటే 'ఇన్నాంతె'. ప్రథమ పురుషలోనూ ఇదే వరస. అతను 'ఇస్సు', ఆమె 'ఇస్స్వా'. గౌరవంగా చెప్పాలంటే ఇద్దరికీ కలిపి 'ఇస్సాచ్చెవ్'. బహువచనం 'ఇన్నెస్సు'. (మన లిపిలో ఈ మాటల ఉచ్చారణ ఇంతవరకే పట్టుబడుతుంది.)

ఇది పైకి కనిపించే జాబితా మాత్రమే. అమ్హారిక్ వాక్యంలో సర్వనామాన్ని విడిగా పలకక్కర్లేదు. క్రియ చివరా, నామవాచకం చివరా అది అంటుకునే ఉంటుంది. అందుకే స్త్రీ పురుష భేదం చెప్పకుండా పొద్దున్నే పలకరించటం కూడా సాధ్యం కాదు. 'బాగున్నావా' అనటానికి మగవాడితో 'దెహ్నా నెహ్' అనాలి, ఆడమనిషితో 'దెహ్నా నెష్' అనాలి. 'రా' అని పిలవాలంటే మగవాడిని 'నా', ఆడమనిషిని 'నెయ్'. 'నీ ఇల్లు' అన్నా అంతే. ఇల్లు మగవాడిదైతే 'బేతిహ్', ఆడమనిషిదైతే 'బేతిష్'. చివర ఒక్క 'ష్' చప్పుడుతో అక్కడ ఒక స్త్రీ నిలబడి ఉందని తెలుస్తుంది.

మొదట్లో నేను ఈ 'ష్' మీద ముచ్చటపడ్డాను. భాషలో స్త్రీలు కనిపించటం లేదని, 'మానవుడు' అంటే మగవాడేనని మనం ఎన్ని వ్యాసాలు రాసుకోలేదు! ఇక్కడ చూస్తే ప్రతి పలకరింపులోనూ, ప్రతి ఆజ్ఞలోనూ స్త్రీ స్త్రీగా కనిపిస్తోంది. 'బేతిష్' అన్న మాట వినగానే వర్జీనియా వుల్ఫ్ కోరుకున్న సొంత గది వ్యాకరణంలోనే కట్టి ఉందనిపించింది. ఆ మాటే తనతో అంటే పెద్దగా నవ్వింది. "ఇల్లు వ్యాకరణంలో ఉంటే సరిపోతుందా అక్కా, కాయితం మీద ఉండొద్దూ?" అంది. ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నది తన నవ్వుకి సరిపోయింది. ఇథియోపియాలో 1960 నాటి సివిల్ కోడ్ భర్తనే కుటుంబానికి పెద్దగా నిర్ణయించింది. దాన్ని తీసేసి భార్యాభర్తలని సమానం చేసిన సవరించిన కుటుంబ చట్టం 2000లో గానీ రాలేదు. అమ్హారా ప్రాంతంలో భార్యాభర్తలిద్దరి పేర్లూ, ఫొటోలూ ఉన్న భూమి పత్రాలు ఆ తర్వాతి సంవత్సరాల్లో వచ్చాయి. 'బేతిష్' అన్న మాట భాషలో ఎంతో కాలంగా ఉంది. ఆ మాటకి సరిపడే కాయితం మొన్న మొన్న వచ్చింది. వ్యాకరణంలో కనిపించటం అధికారంలో కనిపించటం కాదు అనే మొదటి పాఠం అక్కడ నేర్చుకున్నాను.

రెండో పాఠం గౌరవ సర్వనామాలది. అవి నన్ను ఇంకా ఎక్కువ ఇబ్బంది పెట్టాయి. చనువున్నచోట ఆంతె, ఆంచి అని అంత పట్టుగా విడదీసే భాష, గౌరవం దగ్గరికొచ్చేసరికి ఆ భేదాన్ని పూర్తిగా వదిలేస్తుంది. 'ఇర్సొ', 'ఇస్సాచ్చెవ్' అన్నప్పుడు ఆ మనిషి స్త్రీయో పురుషుడో సర్వనామం చెప్పదు. క్రియ కూడా చెప్పదు, ఎందుకంటే 'ఇస్సాచ్చెవ్' తర్వాత వచ్చేది బహువచన క్రియ. అతను వచ్చాడు 'మెట్టా', ఆమె వచ్చింది 'మెట్టాచ్', వారు వచ్చారు 'మెట్టు'. 2018 అక్టోబరులో సాహ్లె-వర్క్ జెవ్‌దే ఇథియోపియాకి తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. 2024 అక్టోబరు దాకా ఆ పదవిలో ఉన్నారు. ఆవిడ గురించి మర్యాదగా చెప్పే అమ్హారిక్ వాక్యంలో ఆవిడ 'ఇస్సాచ్చెవ్'. ఆవిడ తర్వాత వచ్చిన పురుషుడూ 'ఇస్సాచ్చెవే'. పేరు తీసేస్తే ఆ వాక్యంలో తొలి మహిళ అనే చరిత్ర కనిపించదు.

"మంచిదే కదా, గౌరవానికి జెండర్ లేదన్నమాట" అని ఒక స్నేహితురాలు అంది. నేనూ కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను. కానీ ఆ రెండు వరసల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. స్త్రీగా కనిపించే చోటు 'ఆంచి'. ఆ చోటు ఎవరిది? కూతురిది, చెల్లెలిది, ప్రియురాలిది, పనిమనిషిది. గౌరవం దొరికే చోటు 'ఇర్సొ'. అక్కడికి చేరాలంటే స్త్రీ అన్న గుర్తుని గుమ్మం దగ్గర విడిచి వెళ్ళాలి. 'నువ్వు', 'మీరు' వంటి జంటల వెనక అధికారం, సాన్నిహిత్యం అనే రెండు శక్తులు పనిచేస్తాయని 1960లో రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ తమ ప్రసిద్ధ వ్యాసంలో చెప్పారు. అమ్హారిక్ మధ్యమ పురుష సర్వనామాల అర్థం మీదే సూసన్ హోబెన్ 1976లో ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశారు. ఈ చర్చలకి మనం కలపాల్సిన ప్రశ్న ఒకటుంది. అధికారం నిచ్చెన ఎక్కేటప్పుడు లింగం ఎక్కడ రాలిపోతుంది? ఎవరిది రాలిపోతే ఎవరికీ పట్టదు? పురుషుడు 'ఇర్సొ' అయినా పోగొట్టుకునేది ఏమీ లేదు. పెద్దమనిషి అంటే మగవాడేనని లోకం ముందే ఊహించుకుంటుంది. పోయేది స్త్రీ ఒక్కతే.

ఇది భాషలకి తప్పనిసరి నియమమా అంటే, కాదు. పొరుగునే ఉన్న తిగ్రిన్యాని చూడండి. ఇథియోపియాలోని తిగ్రాయ్ ప్రాంతంలోనూ ఎరిత్రియాలోనూ మాట్లాడే ఈ భాషలో గౌరవానికి కూడా రెండు రూపాలున్నాయి. పెద్దాయనతో 'నిసిఖుమ్', పెద్దావిడతో 'నిసిఖిన్'. ఆయన 'నిసోమ్', ఆవిడ 'నిసెన్'. గౌరవమూ ఉంది, స్త్రీ కూడా ఉంది. ఇథియోపియా చర్చిలో నేటికీ ప్రార్థనలకి వాడే ప్రాచీన భాష గీజ్‌లో 'మీరందరూ' అనటానికి పురుషులకి 'ఆంతిము', స్త్రీలకి 'ఆంతిన్' అని వేరువేరు మాటలున్నాయి. అమ్హారిక్‌లో బహువచనానికి ఆ తేడా మిగల్లేదు. మిగిలిన 'ఇన్నాంతె'ని విప్పి చూస్తే లోపల 'ఆంతె' ఉంది. అంటే 'నువ్వూ నీవాళ్ళూ', ఆ 'నువ్వు' మగవాడు. 'ఇన్నెస్సు'లో 'ఇస్సు' ఉన్నాడు. పదిమంది ఆడవాళ్ళు కూర్చున్న గదిలోకి వెళ్ళి 'మీరంతా' అన్నా, ఆ మాట లోపల ఒక మగవాడు కూర్చుని ఉంటాడు. ఈ మాట చెప్పినప్పుడు తను కాసేపు మాట్లాడలేదు. "చిన్నప్పట్నుంచీ అంటున్నాను, ఎప్పుడూ విప్పి చూడలేదు" అంది. నా థీసిస్ విషయంలో నేనన్న మాటే అది.

స్త్రీలింగాన్ని అమ్హారిక్ ఇంకొక పనికి కూడా వాడుతుంది. 'బేతు' అంటే ఆ ఇల్లు. 'బేతితు' అని స్త్రీలింగ ప్రత్యయం పెడితే ఆ చిన్న ఇల్లు, ఆ ముద్దొచ్చే ఇల్లు. చిన్నదనం, జాలి, ముద్దు, ఇవన్నీ స్త్రీలింగంలో ఒదుగుతాయి. మగపిల్లవాడిని ముద్దుచేస్తూ 'ఆంచి' అంటారట. ఎదిగిన మగవాడిని అదే మాటంటే తిట్టవుతుందట. ధైర్యంగా ఉన్న ఆడపిల్లని మెచ్చుకుంటూ 'ఆంతె' అనటమూ ఉందని తను చెప్పింది. మగవాడిని స్త్రీగా పిలిస్తే దించటం, స్త్రీని మగవాడిగా పిలిస్తే ఎత్తటం. ఇది వ్యాకరణం కాదు, వాడుక. 'మగరాయుడు', 'ఆడంగి' అనే మాటలున్న మనకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

దేశాన్ని కూడా అమ్హారిక్ స్త్రీగానే పిలుస్తుంది. 1974లో చక్రవర్తిని దించేసిన సైనిక ప్రభుత్వం తన నినాదంగా పెట్టుకున్న 'ఇతియోప్యా తిక్దెమ్' (ఇథియోపియా ముందు) అన్న మాటలో 'తి' స్త్రీలింగ క్రియకి గుర్తు. 1992లో వచ్చిన జాతీయ గీతం దేశాన్ని తల్లిగా సంబోధిస్తుంది, ఆ పిలుపులో క్రియ 'ఆంచి'కి చేసే ఆజ్ఞ. తల్లిని 'ఆంచి' అంటారు, చక్రవర్తిని బహువచనంలో అంటారు. భారతమాతనీ తెలుగుతల్లినీ 'నువ్వు' అంటూ, ముఖ్యమంత్రిని 'గారు' అనే మనకి ఇదీ కొత్త కాదు.

సర్వనామాల సంగతి తెలిశాక నేను మళ్ళీ చదివిన నవల మాజా మెంగిస్తే రాసిన 'ది షాడో కింగ్'. ఆవిడ దీన్ని ఇంగ్లీషులో రాశారు. 2019లో వచ్చింది, 2020లో బుకర్ తుది జాబితాలో నిలిచింది. 1935లో ఇటలీ ఇథియోపియా మీద దండెత్తినప్పుడు యుద్ధంలోకి దిగిన స్త్రీల కథ. హిరుత్ తల్లిదండ్రుల్లేని పిల్ల, సైనికాధికారి కిదానే ఇంట్లో పనిమనిషి. అతని భార్య ఆస్తెర్. ఈ ముగ్గురి మధ్యా ఉన్న ప్రేమలూ ద్వేషాలూ హింసా నవలకి ప్రాణం. మొదటిసారి చదివినప్పుడు ఆస్తెర్ క్రూరత్వం నన్ను చాలా బాధపెట్టింది. ఒక స్త్రీ ఇంకో స్త్రీ పట్ల ఇంత కఠినంగా ఎలా ఉంటుంది అనే మామూలు ప్రశ్న దగ్గరే ఆగాను.

ఇంగ్లీషులో అందరూ 'యూ'. యజమానీ యూ, పనిమనిషీ యూ. ఆ ఇంట్లో ఆ మనుషులు మాట్లాడుకునేది అమ్హారిక్ కదా అని గుర్తుచేసుకుని చదివితే నవల వేరే రకంగా తెరుచుకుంది. హిరుత్ తన యజమానినీ, యజమానురాలినీ 'ఇర్సొ' అనే పిలవాలి. అంటే హిరుత్ నోట్లో కిదానే, ఆస్తెర్ ఇద్దరూ ఒకటే. తనలాగే ఒక స్త్రీ అని ఆస్తెర్‌ని గుర్తించే మాట హిరుత్ భాషలో ఆమెకి అందుబాటులో లేదు. అక్కడ వర్గం స్త్రీత్వాన్ని మింగేసింది. ఇటువైపు ఆస్తెర్ హిరుత్‌ని పిలిచేది 'ఆంచి'. కిదానే హిరుత్‌ని పిలిచేదీ 'ఆంచి'. కిదానే తన భార్యని పిలిచేదీ 'ఆంచి' అయి ఉండాలి. ఆ ఇంట్లో ఆ ఇద్దరు స్త్రీలూ ఒక్కటయ్యే చోటు ఒకే ఒక్కటి, ఆ మగవాడి నోట్లోని 'ఆంచి'. హింసించే మగవాడి పిలుపులో తప్ప ఆ ఇద్దరూ ఎక్కడా కలవటం లేదు. సిస్టర్‌హుడ్ గురించి మనం ఎంతో చర్చించాం. స్త్రీలందరూ ఒకటి అని తేలిగ్గా అనేసే ముందు, ఎవరి నోట్లో ఒకటి, ఎవరి నోట్లో కాదు అని అడగాలని ఈ నవల నాకు రెండో చదువులో నేర్పింది. 1990ల్లో దళిత స్త్రీలు మన 'మనం'ని నిలదీసి అడిగింది ఇదే.

అదే నవలలో మినిమ్ అనే పేద రైతు ఉంటాడు. ఆ పేరుకి అర్థం 'ఏమీ లేదు'. చక్రవర్తి పోలికలున్నాయని అతనికి రాజు వేషం వేసి, జనానికి ధైర్యం కోసం నిలబెడతారు. హిరుత్ అతనికి అంగరక్షకురాలవుతుంది. వేషం మారితే రాజవుతాడని ఇంగ్లీషు చెబుతుంది. అమ్హారిక్ చెవితో వింటే అంతకంటే ముఖ్యమైనది సర్వనామం మారటం. నిన్నటిదాకా 'ఆంతె' అయిన మనిషి ఇవాళ 'ఇర్సొ', 'ఇస్సాచ్చెవ్'. చుట్టూ ఉన్న నోళ్ళు మారితేనే 'ఏమీ లేని' వాడు రాజవుతాడు. గౌరవం మనిషిలో ఉండదు, ఎదుటివాళ్ళ క్రియాపదంలో ఉంటుంది. మరి తుపాకీ పట్టిన హిరుత్‌కి ఆ క్రియాపదం ఎవరిచ్చారు? మెంగిస్తే ఈ ప్రశ్నకి సంఘటనలతో, స్త్రీల జ్ఞాపకాలతో జవాబు వెతికారు. ఇంగ్లీషులో రాయటంవల్ల ప్రపంచమంతా చదివింది, నిజమే. కానీ ఆ ఇంట్లో రోజూ గాయపరిచిన ఆ చిన్న ప్రత్యయాలు ఇంగ్లీషులోకి రాలేదు. ఇది రచయిత్రి లోపం కాదు, ఇంగ్లీషు లోపం. ఇంగ్లీషులో చదివి విమర్శ రాసే మనలాంటివాళ్ళం ఆ లోపాన్ని గుర్తుపెట్టుకోకపోతే మాత్రం అది మన లోపం.

ఇక మన భాష సంగతి. చిన్నయసూరి 'బాలవ్యాకరణం' చదువుకున్నవాళ్ళకి మహత్తు, అమహత్తు గుర్తుంటాయి. పురుషులు మహత్తులు. స్త్రీలు ఏకవచనంలో పశువులతో, వస్తువులతో కలిసి అటువైపు నిలబడతారు, బహువచనంలో మాత్రం మహత్తులతో కలుస్తారు. అమ్మ వచ్చింది, కుక్క వచ్చింది, ఉత్తరం వచ్చింది. తెలంగాణలో 'వస్తది', కోస్తాలో 'వస్తుంది', మాట మారినా పంక్తి మారదు. దీని మీద తనకి చాలా కోపం వచ్చింది. "మా అమ్మకీ ఉత్తరానికీ ఒకటే క్రియా?" అని అడిగింది. "మరి మీ భాషలో ఉత్తరం దేంతో వస్తుంది?" అని అడిగాను. ఆలోచించి, "మెట్టా" అంది. అంటే మగవాడితో! అమ్హారిక్‌లో వస్తువులు మామూలుగా పుంలింగం. వాళ్ళ ఉత్తరం నాన్నతో వస్తుంది, మన ఉత్తరం అమ్మతో వస్తుంది. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

నవ్వయ్యాక ఆలోచిస్తే, వస్తువులతో కలిసినందుకు అక్కడి పురుషుడు ఏమీ తగ్గిపోలేదు. అక్కడ పుంలింగం 'మామూలు', స్త్రీలింగం 'ప్రత్యేకం'. ఇక్కడ పుంలింగం 'ప్రత్యేకం', స్త్రీ 'మిగతావి'. వ్యాకరణం ఎటు తిప్పి పెట్టినా తూకం పురుషుడి వైపే మొగ్గుతోందంటే, తూకం వేస్తున్న చెయ్యి వ్యాకరణానిది కాదు. అదే ఇథియోపియాలో కోట్లమంది మాట్లాడే ఒరోమో భాషలో 'నువ్వు'కి ఆడామగా తేడా లేదు, ఇద్దరికీ 'అతి' ఒకటే. అంతమాత్రాన ఆ ఇళ్ళలో స్త్రీలు సుఖంగా ఉన్నారని ఎవరూ అనరు. అందుకే ఫలానా భాష స్త్రీలకి మంచిది, ఫలానాది చెడ్డది అనే లెక్కల మీద నాకు నమ్మకం పోయింది. చూడాల్సింది, భాష ఇచ్చిన పనిముట్లతో మనం ఏం చేస్తున్నాం అని.

తెలుగు ఇచ్చిన పనిముట్లు తక్కువేమీ కాదు. 'నేను', 'నువ్వు' మధ్య నడిచే మాటల్లో తెలుగు మన జెండర్‌ని అడగదు. 'వచ్చాను', 'వచ్చావు', అంతే. 'నీలి మేఘాలు' సంకలనం (1993) చుట్టూ వచ్చిన స్త్రీవాద కవిత్వంలో ఎన్ని కవితలు 'నువ్వు' అని సంబోధిస్తూ నడుస్తాయో మనకి తెలుసు. అలాంటి ఒక కవితకి నేను భావం చెబుతుంటే తను అమ్హారిక్‌లో రాసుకుంటూ మొదటి పంక్తిలోనే కలం ఆపి, "ఈ నువ్వు ఆంతెనా, ఆంచినా?" అని అడిగింది. మగవాడేనని నేను ఎప్పుడూ అనుకున్నాను. కవిత మాత్రం ఆ మాట అనలేదు. ఒక స్త్రీ ఇంకో స్త్రీతో అంటున్నట్టు చదివినా ఆ తెలుగు ఒప్పుకుంటుంది. అమ్హారిక్ ఒప్పుకోదు, మొదటి పంక్తిలోనే తేల్చెయ్యమంటుంది.

అయితే మనం ఆ స్వేచ్ఛనీ ఉండనివ్వలేదు. సర్వనామంలో లేని భేదాన్ని చివర ఒక తోక తగిలించి తెచ్చుకున్నాం. 'రారా', 'రావే'. 'ఏంట్రా', 'ఏంటే'. మన 'ఆంచి' ఆ 'వే'లో ఉంది. స్నేహంలో తీపిగా ఉండే ఆ 'వే' భర్త నోట్లో అధికారం, కులం బలం ఉన్న నోట్లో అవమానం. మా హాస్టల్ మెస్సులో వంట చేసే మగమనిషి అందరికీ 'మాస్టారు'. 'మాస్టారు వచ్చారు.' కంచాలు కడిగే ఆవిడ ఆయనకంటే పెద్దది. 'అది ఇంకా రాలేదా?' అని అడిగేవాళ్ళు, ఆవిడ మనవరాలి వయసున్న పిల్లలు. ఆ 'అది'లో స్త్రీ అన్నది ఒక్కటే లేదు, కులం కూడా ఉంది. పరిశోధక విద్యార్థినులం, జెండర్ మీద సెమినార్ పేపర్లు రాసేవాళ్ళం, మేమందరం ఆ మాట వింటూ అన్నం తిన్నాం. పేపర్లో అగ్రవర్ణ విమర్శకుడు 'అన్నారు', రచయిత్రి 'అంది', మెస్సులో దళిత స్త్రీ 'అది'. ఇవి వేరువేరు విషయాలు కావు, ఒకే నిచ్చెనకి మూడు మెట్లు.

సరే, ఇప్పుడు ఏం చెయ్యాలి? మన స్త్రీవాద పత్రికలు చాలాకాలంగా ఒక దారి పట్టాయి. అందర్నీ చనువులోకి దించటం. 'అతను రాశాడు', 'ఆమె రాసింది'. గౌరవ వాచకాల భజన వద్దు, అందరం సమానం అని. ఆ తెగింపు నాకు ఇష్టమే. కానీ అలా దించాక కూడా 'రాశాడు' మగవాడికి మాత్రమే మిగిలిన మాట. 'రాసింది' ఆమెదీ, పెన్నుదీ. పైగా దిగటానికి ముందు ఎత్తులో ఉన్నవాళ్ళకే దిగటం గొప్ప. ఎప్పుడూ 'అది' అనిపించుకున్న స్త్రీని సమానత్వం పేరుతో మళ్ళీ 'అంది' దగ్గరే ఉంచితే, ఆమె దిగిందేమిటి?

రెండో దారి అందర్నీ ఎత్తటం. ఇక్కడే తెలుగు అమ్హారిక్ కంటే ఒక అడుగు ముందుంది. అమ్హారిక్‌లో 'ఇస్సాచ్చెవ్' అంటే స్త్రీ కనబడదు. తెలుగులో 'ఆవిడ అన్నారు' అనొచ్చు. సర్వనామంలో స్త్రీ ఉంది, క్రియలో గౌరవం ఉంది. తిగ్రిన్యా 'నిసెన్' చేసే పని మన 'ఆవిడ అన్నారు' చేస్తుంది. స్త్రీగా ఉంటూనే గౌరవం పొందే మాట మన చేతిలో సిద్ధంగా ఉంది. తనకి ఆ వీలు లేదు. ఉన్న నేను వాడలేదు, వాడకుండానే డాక్టరేట్ తెచ్చుకున్నాను.

ఇప్పుడు ఆ థీసిస్‌ని పుస్తకంగా తెస్తున్నాను. ప్రతి వాక్యం చివరా ఆగి చూస్తున్నాను. రచయిత్రులూ, విమర్శకులూ, నాతో తమ కథలు చెప్పుకున్న కూలీ స్త్రీలూ అందరికీ 'అన్నారు' అనే రాస్తున్నాను. కొన్నిచోట్ల వాక్యం బిగుసుకుపోతోంది, కొన్నిచోట్ల దగ్గరితనం పోతోంది. ఆ నష్టం ఉందని ఒప్పుకుంటాను. అయినా అది పంచుకోదగ్గ నష్టమే. ఇన్నాళ్ళూ ఒక్కవైపే ఉన్న నష్టం.

ఈ వ్యాసంలో కూడా అందర్నీ 'అన్నారు' అనే రాశాను, ఇద్దరు స్నేహితురాళ్ళని తప్ప. తను ఇప్పుడు బహిర్ దార్‌లో పాఠాలు చెబుతోంది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. "దెహ్నా నెష్?" అంటుంది. ఆ 'ష్' వినగానే నాకు ఇప్పటికీ సంతోషమే. నన్ను స్త్రీగా, స్నేహితురాలిగా గుర్తుపట్టిన చప్పుడు అది. వ్యాసంలో నిన్ను 'అంది' అని రాయనా, 'అన్నారు' అని రాయనా అని అడిగాను. "నువ్వు అంది అను. నన్నెరగనివాళ్ళు రాస్తే మాత్రం అన్నారు అని రాయమను" అంది.

ఎవరు ఎవర్ని ఏ క్రియాపదంతో పిలవాలో ఆ పిలుపు అందుకునే మనిషిని అడగటం, బహుశా ఇంత చిన్న పనే మనం ఇన్నాళ్ళూ చెయ్యలేదు. మీ థీసిస్‌లు, మీ కథలు, మీ పుస్తక సమీక్షలు ఒకసారి తీసి వాక్యాల చివర్లు మాత్రం చదివి చూడండి. మీకు ఏం కనిపించిందో మనం మాట్లాడుకుందాం.